చేపల తొట్టి దగ్గర గంగాభవాని

నెల్లూరులోని ఒక స్పాలో చేపల తొట్టి చూసుకునే పని గంగాభవానిది. వచ్చినవాళ్ళు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, చిన్న చిన్న చేపలు మడమల మీది మొద్దుబారిన తోలును కొరికి తింటాయి. ఆవిరి స్నానం దేనికి, ఆయుర్వేద మర్దన ఎవరికి, చేపల స్పా ఎవరికి పనికిరాదు, అన్నీ తడుముకోకుండా చెబుతుంది. రోజూ తన ఊరు తోటపల్లి గూడూరు నుంచి వచ్చే బస్సు దిగి లోపలికి రాగానే మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంది. తల్లి గురవమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆ వాసన ఇక్కడ ఎవరికీ తగలకూడదు. మాటలో ఊరి యాస కూడా దొర్లనివ్వదు.

ఒకరోజు గురవమ్మే తలుపు తోసుకుని వచ్చింది. చంకలో ఖాళీ గంప, ఉప్పుకు పగిలి నెర్రెలిచ్చిన పాదాలు. తొట్టిలో కాళ్ళు పెట్టుకున్న అమ్మాయిలిద్దరూ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్నారు. "మీకు తెలిసినావిడా?" అని అడిగింది ఒకమ్మాయి. గంగాభవాని రోజూ అందరికీ నవ్వే నవ్వునే నవ్వి, "కాళ్ళు పగిలినవాళ్ళు ఇందులో దిగకూడదండీ" అంది తల్లితో.

గురవమ్మ కూతురి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. చీర కుచ్చెళ్ళు కిందికి లాగి పాదాలు కప్పుకుంది.

"దిగేదానికి రాలేదమ్మా. మా బిడ్డ ఇట్టాంటి చోట చేపల్ని చూసుకుంటా ఉందంటే, చూసిపోదామని వచ్చినా. ఇది కాదేమోలే."

ఆమె వెనక తలుపు మూసుకుంది. గంగాభవాని తొట్టి మీదికి వంగి, తేటగా ఉన్న నీళ్ళలోనే చెత్త ఏరడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయిలు లేచి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.