కింది వరస ఎలుకలు

మొగులయ్య ఏం పని చేస్తాడని అడిగితే, ఎలుకలు పెంచుతాడని చెప్పి ఆయనుండే జహనుమా బస్తీలో నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాడు. ఒక ప్రభుత్వ పరిశోధనాశాలలో, ప్రయోగాల కోసం చిట్టెలుకలను ఉంచే గదికి ఇరవై ఆరేళ్లుగా అటెండరు. పదో తరగతి తప్పాడు గానీ, పంజరంలోకి ఒక్క చూపు చూసి ఏ ఎలుకకు ఒంట్లో బాగాలేదో చెప్పేవాడు. చూసిందల్లా రిజిస్టరులో తెలుగులో రాసేవాడు. దాన్ని ఎవరూ చదివేవారు కాదు.

పోయిన ఏడాది, హుస్సేనీ ఆలం నుంచి వచ్చే అభిజ్ఞ అనే శాస్త్రవేత్త భయాన్ని తగ్గించే మందొకటి ఆ ఎలుకల మీద పరీక్షించింది. ఫలితం ఘనంగా వచ్చింది. పత్రికలో అచ్చు కాకముందే తన పత్రాన్ని అందరూ చదివేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇద్దరు నిపుణులు దాన్ని పరిశీలించి, అక్కడే బాహాటంగా ఒక ప్రశ్న వేశారు. మందు ఇచ్చిన ఎలుకల పంజరాలన్నీ పై వరసలో, ఇవ్వనివన్నీ కింది వరసలో ఉన్నాయి కదా, తేడా మందు వల్లేనని ఎలా నమ్మాలి?

అభిజ్ఞ ఆ ప్రశ్నను కాగితం మీద అచ్చు తీసుకుని ఎలుకల గదికి వచ్చింది.

"మొగులయ్యన్నా, పైన ఉంటే ఏంది, కింద ఉంటే ఏంది? నిజంగ తేడా ఉంటదా?"

"ఉంటది మేడం. పంజరాల్ల పరిచే ఊక బస్తాలు తెచ్చే కొత్త ట్రాలీ వచ్చినకాడికెల్లి కిందివి గూడు కట్టుకుంటలేవు. అది పక్కకెల్లి పోతే చాలు, మూలకు నక్కుతయ్. కింది వరసకు ఆనుకొనే తిరిగే దాని చక్రం మనకు వినరాని సప్పుడేదో చేస్తుండాలె."

"ఎప్పటిసంది?"

"నాలుగు నెలలాయె, మీ పరీక్ష షురూ కాకముందటి సంది. అంత రాసిపెట్టిన."

రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. అభిజ్ఞ నిలబడే చదివింది. మర్నాడు ఒక పరికరం తెచ్చి పక్కన పెట్టి ట్రాలీని నెడితే, మనిషి చెవికి అందని కీచుమోత అందులో నమోదైంది.

"ఫికర్ చేయకండ్రి మేడం, మళ్ల చేద్దాం. ఊక బస్తాలు నేను భుజం మీదేసుకొని తెస్త."

ట్రాలీని బయటికి నెట్టేశారు. రెండు వరసల్లోనూ మందు ఇచ్చే ఎలుకలనూ ఇవ్వనివాటినీ కలిపి ఉంచారు. ఎనిమిది వారాల తర్వాత చూస్తే మందు పనిచేసింది గానీ, ముందు రాసినదాంట్లో సగమే. అభిజ్ఞ ముఖం చిన్నబోయింది.

"మందు ఎంత పనిచేస్తే గంతే రాయండ్రి. ఎవరొచ్చి చూసినా గంతే కనబడాలె," అన్నాడు మొగులయ్య.

ఆమె అంతే రాసింది. సవరించిన పత్రం చదివిన నిపుణులు, ఇప్పుడు ఈ ఫలితాన్ని నమ్మవచ్చని రాశారు. పత్రం రాసినవారి పేర్లలో అభిజ్ఞ మొగులయ్య పేరునూ చేర్చింది. సర్వీసు పుస్తకంలో ఉన్నట్టే అక్షరాలు పడ్డాయా లేదా అని ఆయన రెండుసార్లు సరిచూసుకున్నాడు.

మరుసటి వారం పక్క విభాగంలో కొత్త ప్రయోగం మొదలుపెట్టబోతున్న రామలింగం సారు, పంజరాలు దించక ముందే మొగులయ్యకు కబురు పెట్టాడు. మొగులయ్య ఆ గదంతా ఒకసారి కలియతిరిగి, ఎండ నేరుగా పడే కిటికీ వైపు వరసను ఖాళీగా వదిలేయమన్నాడు.