బ్యాగు ముందు, పాప వెనక

పొద్దున బొరుగుల ఉగ్గాని బదులు దోసె పెడితే మా పాపకు కడుపునొప్పి వస్తుంది. దోసెతో గొడవ లేదు. ముందురోజే ఎందుకు చెప్పలేదన్నదే గొడవ. ఎనిమిదేళ్ల పిల్లకు ముందస్తు నోటీసు ఇచ్చి దోసె పోసే ఇల్లు ప్రొద్దుటూరు మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

అలాంటి పిల్లకు బడి ఆటో మారుతోందని చెప్పాల్సి వచ్చింది. ఒకటో తరగతి నుంచీ అదే ఆటో, అదే డ్రైవరు మామ, వెనక సీట్లో ఎడమ చివర అదే చోటు. ఆయనేమో పులివెందులలో అత్తగారి చీనీకాయల తోట చూసుకోవడానికి వెళ్లిపోతున్నాడు. సోమవారం నుంచి వేరే ఆటో అని శనివారమే నోటీసు ఇచ్చాం. అయినా పాప కుదురుగా కూర్చోలేదు. గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది.

"కొత్త మామ హారన్ ఎట్ల కొడతాడు నాయనా?"

"చేత్తోనేమ్మా. కాలితో కొట్టేది ఇంకా నేర్చుకోలేదంట."

నా జోకుకు నేనే నవ్వుకున్నాను. పాప నవ్వలేదు. "కాలితో హారన్ కొడితే మరి బ్రేకు ఎవరు తొక్కుతారు?" అని ఇంకో భయం మొదలుపెట్టింది.

వాళ్లమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఉండే భయాలు చాలవా మామా? నువ్వు కొత్తవి తెచ్చిస్తాండావు."

సోమవారం కొత్త ఆటో వచ్చింది. పాప వాకిలి పట్టుకుని వదల్లేదు. మంగళవారమూ అంతే. అప్పుడు నాకూ భయం పట్టుకుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మొదట ఒక్కరోజే అనుకుని మానేశాను. రెండో రోజు మానడం మొదటి రోజంత కష్టం కాదు, మూడో రోజు అసలు కష్టమే ఉండదు. ఆ తేలిక ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. అది నా బిడ్డకు తెలియకూడదు.

నా పని జమ్మలమడుగు వైపు పల్లెల్లో మోపెడ్ మీద చీరల మూటతో తిరగడం. నోరుంటేనే బేరం. ఆ మంగళవారం నా నోరు పెగల్లేదు. ఒకామె, "ఏమప్పా, ఈ పొద్దు చీరలొకటే తెచ్చినావా, మాటలు తేలేదా?" అంది.

సాయంత్రానికి మా అమ్మ చాపాడు నుంచి దిగింది. ఆమె ఇప్పటికీ నాలుగు గొర్రెలు మేపుతుంది. సంగతి విని నన్ను తిట్టింది.

"జీవాలను కొత్త చేనికి తోలేటప్పుడు కాలవ అడ్డమొస్తే తల్లిగొర్రెను నూకుతామారా? పిల్లను ఎత్తుకొని ముందు పోతాం. తల్లి అరుచుకుంటా అదే వస్తాది."

"ఈడ పిల్ల యాడుంది మా? ఇదే పిల్ల గదా."

"దీని పానమంతా ఆ బ్యాగులోనే గదా."

నిజమే. పాప ఆ బ్యాగును పక్కలో పెట్టుకునే పడుకుంటుంది. బుధవారం ఆటో రాగానే బ్యాగును తీసుకెళ్లి ఎడమ చివర పెట్టాను. గొర్రెపిల్లను ఎత్తుకుపోయేవాడు నిదానంగా, వెనక్కి చూసుకుంటూ నడుస్తాడు. ఆటోవాడికి ఆ సంగతేం తెలుసు? బ్యాగు ఎక్కింది గాబట్టి పిల్ల కూడా ఎక్కిందనుకుని వెళ్లిపోయాడు.

పాప ఏడవలేదు. వాకిలి వదిలేసి నా చొక్కా పట్టుకుంది.

"నాయనా, బ్యాగు ఒక్కటే పోతాంది. దానికి మా క్లాసు యాడుందో తెలీదు. బండి తియ్యి."

వెనక చీరల మూట, ముందు పాప, మెయిన్ బజార్లో ఆటోను తరుముకుంటూ పోయాం. గేటు దగ్గర పాప నా వైపు చూడకుండా దిగి, బ్యాగును వాటేసుకుని లోపలికి పరిగెత్తింది.

గండం గడిచిందనుకున్నాను. గురువారం పాప ఆర్డరు వేసింది. "బ్యాగు ముందు. మనం ఎనక."

ఇంక రోజూ అదే ఊరేగింపు. టీకొట్టు దగ్గర ఒకాయన అడగనే అడిగాడు. "ఏమప్పా, బ్యాగుకు ఎస్కార్టు పెట్టినావే?"

"లోపల లెక్కల పుస్తకం ఉంది మామా. నేను చిన్నప్పుడు దాన్ని చూసే పారిపోయినా. ఈసారి అది పారిపోకుండా కాపలా."

జమ్మలమడుగు చేరేసరికి ఎండ నెత్తికెక్కేది. బేరాలు వేరేవాళ్లు ఎత్తుకుపోయేవాళ్లు. అయినా తిరిగాను.

ఒక పొద్దున తుంపర పడుతోంది. పాప ఆటో వైపు చాలాసేపు చూసింది. బ్యాగు పెట్టిన చోటు మీద జల్లు కొడుతోంది. గబగబా పోయి, దాన్ని ఒళ్లోకి తీసుకుని అక్కడే కూర్చుంది. "నువ్వు ఎనకాలే రా" అంది. నేను తడుస్తూ పోయాను. మలుపు మలుపుకూ తల బయటపెట్టి, ఉన్నానో లేదో చూసింది. ఆ తర్వాత కొన్నాళ్లు అట్లాగే నడిచింది. రానురాను చూడడం తగ్గింది. నేనే హారన్ కొట్టి గుర్తుచేసేవాణ్ణి.

నిన్న అన్నం తింటూ పాప నా చెయ్యి తట్టింది.

"రేపు నువ్వు ఎనకాల రావద్దు నాయనా. ముందే చెప్తాండా."

"ఎందుకమ్మా?"

"చెప్పకపోతే నీకు కడుపునొప్పి వస్తాది."

ఈ పొద్దున ఆటో వెళ్లిపోయింది. నేను బండి స్టార్టు చేశాను, ఆపాను, మళ్లీ స్టార్టు చేశాను. వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాను. మూట సర్దిందే సర్దుతుంటే మా ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏంది మామా అట్ల తిరుగుతాండావు? ఇంగ జమ్మలమడుగుకు పో. రేపు దోసె. ఇప్పుడే చెప్తాండా."