ఏ దుకాణానికైనా మొహసిన్ నంబరే

మార్కాపురంలో మొహసిన్ ఎవరికి వెబ్‌సైట్ చేసిచ్చినా, అందులో దుకాణం పేరు వాళ్లది, ఫొటోలు వాళ్లవి, ఫోన్ నంబరు మాత్రం తనది. ఇది పొరపాటు కాదు. పొరపాటైతే ఎవరైనా దిద్దుకుంటారు.

"నా షామియానాలకు నీ నంబర్ ఏందిరా?" అని సతీష్ కేకలేస్తే, "నువ్వు గుంజలు పాతుతా ఫోన్ ఎత్తవన్నా. ఎత్తకపోతే చెడ్డపేరు నా సైట్‌కే గదా" అనేవాడు. లోగో పెద్దది చేయమంటే చేసేవాడు. రంగు మార్చమంటే మార్చేవాడు. మార్చాక మళ్లీ పాత రంగే బాగుందన్నా నవ్వుతూ వెనక్కి మార్చేవాడు. నంబరు దగ్గరికి వచ్చేసరికి మొండికేసేవాడు. మధ్యలో కమిషన్ కొట్టేస్తున్నాడని ఊరంతా అనుకునేది. అయినా పని బాగుంటుందని అతని దగ్గరికే వచ్చేవాళ్లు.

ఫోన్ మోగితే చాలు, ఎవరి తరఫున మాట్లాడాలో తేల్చుకునేలోపే మర్యాద మొదలైపోయేది. ఒకసారి భార్య ఫర్జానా ఫోన్ చేస్తే, "చెప్పండి మేడమ్, ఎంతమందికి కావాలి?" అన్నాడు. "ఇద్దరికే. వచ్చేటప్పుడు టమాటాలు తీసుకురా" అందామె. ఇంకోసారి బోరు వేయించుకోవాలన్న పెద్దాయనకు అత్తర్ల గురించి విడమరిచి చెప్పాడు. ఆయన ఓపిగ్గా అంతా విని, "నీళ్లు పడితే చాలు నాయనా" అన్నాడు.

రాచర్ల దగ్గర గొర్రెలు మేపే కాటమరాజుకు సైట్ చేసినప్పుడైతే, ఒక్కో పొట్టేలును తెల్లగోడ ముందు నిలబెట్టి పాస్‌పోర్ట్ ఫొటో తీశాడు. చెవులు రెండూ కనబడాలని పట్టుబట్టాడు. కింద పేరు, వయసు, స్వభావం రాశాడు.

"స్వభావం ఎందుకురా?" అన్నాడు కాటమరాజు.

"పండక్కి ముందే తెచ్చి ఇంట్లో కట్టేసుకుంటారు చిన్నాయనా. గుద్దుతదో లేదో తెలియొద్దా?"

కాటమరాజు కడుపు పట్టుకుని నవ్వాడు. కొండల్లో సిగ్నల్ అందదు కాబట్టి, మొహసిన్ నంబరు పెట్టినందుకు ఒక్క మాట కూడా అనని క్లయింటు ఆయనొక్కడే.

ఆ కాటమరాజు మొన్న ఎండాకాలంలో మందతో కొండకు పోయి, గుండె ఆగి అక్కడే పడిపోయాడు. సాయంత్రానికి మంద దానంతటదే ఇల్లు చేరింది. ఆయన రాలేదు.

ఆయన ఒక్కగానొక్క కూతురు సరళ. మందను తానే చూసుకుంటానంది. తల్లి శ్రీశైలమ్మకు ధైర్యం చాలలేదు. "నీ దగ్గరికి బేరానికి ఎవరొస్తారే? బక్రీదుకు గిరాకీ రాకపోతే మందంతా కురిచేడు దళారికి తోలేద్దాం" అంది. నాయన పేరు పెట్టి పిలిచిన జీవాలను లారీ ఎక్కించడమన్న ఊహనే సరళ భరించలేకపోయింది. సైట్‌లో తన నంబరు పెట్టమని మొహసిన్‌ను అడిగింది. "పెడతాలే చెల్లెమ్మా" అన్నాడు. పెట్టలేదు. మళ్లీ అడిగితే "ఇప్పుడే వద్దు" అన్నాడు. పండగ దగ్గరపడింది. తండ్రి పోయినా నంబరు వదలని మనిషి మీద కోపంతో సరళ ఆటో ఎక్కి గిద్దలూరు వచ్చి, బస్సు పట్టుకుని మార్కాపురం చేరింది.

మొహసిన్ గది పలకల దుకాణం పైన. అతను టీ తెస్తానని కిందికి దిగగానే బల్ల మీద ఫోన్ మోగింది. దొంగ దొరికాడనుకుని సరళ ఎత్తింది.

"కాటమరాజన్నా! గిద్దలూరు మజీద్‌ను. పోయినేడు నువ్విచ్చిన పొట్టేలు బంగారమన్నా. ఏమన్నా, పలకవేంది?"

సరళ నోరు తెరిచింది. మాట రాలేదు.

టీ గ్లాసులతో వచ్చిన మొహసిన్ ఫోన్ అందుకుని గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "మజీద్ భాయ్, చిన్నాయన పోయినాడు. అవును, మంద కాడనే." అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. మొహసిన్ ఊకొడుతూ కళ్లు తుడుచుకున్నాడు. చివరికి, "మంద ఉంది భాయ్, బిడ్డ చూస్తాది. అడిగినోళ్లందరికీ కలిపి ఒకేసారి ఆ పిల్ల నంబర్ పంపుతా. మాట్లాడేటప్పుడు నాయన సంగతి ఎత్తొద్దు" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఇదేనా అన్నా?" అంది సరళ.

"ఒక్కసారి విన్నోళ్లు మళ్లీ అడగరమ్మా. ఫోన్ ఎత్తిన ప్రతిసారీ నాయన లేడని చెప్తా ఉంటే నువ్వు బేరమేం చేస్తావు? అడిగేటోళ్లంతా అడిగినాక నీ నంబర్ పెడదామనుకుంటి."

అమ్మ ముందు ఏడవకూడదని ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా సరళకు అక్కడ బయటపడింది. మొహసిన్ వద్దనలేదు. టీ చల్లారిపోయింది.

"ఇంక చాలన్నా. మిగిలినోళ్లకు నేనే చెప్తా."

అతను అప్పటికప్పుడు నంబరు మార్చాడు. సరళ కిందికి దిగి వీధిలోకి వచ్చిందో లేదో ఫోన్ మోగింది.

"హలో! కాటమరాజు పొట్టేళ్లేనాండీ?" అంది ఓ బొంగురు గొంతు. సరళ తలెత్తింది. పైన కిటికీలో మొహసిన్ వీపు కనబడింది.

"ఔను. కాటమరాజు కూతుర్ని." ఈసారి మాట వచ్చింది. "ఏది కావాలి?"

టెస్టింగ్‌కని చేసినవాడు టెస్టింగ్ సంగతి మరిచిపోయి తెల్లచెవుల పొట్టేలుకు బేరం మొదలెట్టాడు. సరళ రేటు దిగలేదు. అతను బతిమాలాడు. ఆమె అస్సలు దిగలేదు. "సరే, ఖాయం చేసుకోండి" అనేసి నాలుక్కరుచుకున్నాడు. "సరళమ్మా, ఇది టెస్టింగమ్మా!"

"మాటంటే మాటే అన్నా. పండక్కి ముందే తోలుకొస్తా."

ఇంటికి రాగానే తల్లితో, "అమ్మా, ఒకటి అమ్మినా" అంది.

"ఎవరికే?"

"మొహసిన్ అన్నకు."

శ్రీశైలమ్మ ముఖంలోకి చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. "మిద్దె మీద గదిలో యాడ కట్టేస్తాడే దాన్ని?"