మరి పాతది ఎక్కడికి పోతుంది?

బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ కొత్త వస్తువు కనబడ్డా "భలేగా ఉందే!" అని మెచ్చుకుంటాడు, ఆ వెంటనే "మరి పాతది ఎక్కడికి పోతుంది?" అని అడుగుతాడు. అడిగి ఊరుకుంటే గొడవే లేదు. జవాబు చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలడు.

వీధిలో కొత్తగా తారు పోస్తుంటే మేస్త్రీని ఆపి, పాత రోడ్డు ఎక్కడికి పోతుందని అడిగాడు.

"ఎక్కడికీ పోదండీ, దీని కిందే ఉంటుంది."

"మరి దాని కింద?"

"అంతకుముందు వేసిన రోడ్డు."

"దాని కింద?"

మేస్త్రీ పార అక్కడ పడేసి, "మీరే తవ్వి చూసుకోండి బాబూ," అని నీడకు పోయి కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు పిప్పిపన్ను పీకినప్పుడైతే నోటినిండా దూది ఉందనైనా చూసుకోకుండా చేతులు తిప్పుతూ అదే ప్రశ్న వేశాడు. డాక్టరు కంగారుపడి మళ్ళీ మత్తుమందు తీశాడు. పక్కనున్న పిన్ని మాత్రం నుదురు కొట్టుకుని, "ఏం లేదు డాక్టరుగారూ, ఆ పన్ను ఏ బుట్టలో వేశారో ఒకసారి చూపించండి, లేకపోతే ఈయన లేవరు," అంది.

నిజానికి తప్పు బాబాయిది కాదు, ఉద్యోగానిది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్ల దగ్గరే ఆయన జీవితమంతా గడిచింది. చేతిలోకి వచ్చిన ప్రతిదానికీ వెళ్ళాల్సిన అర ఒకటుండాలి. ఏ అరలోనూ ఇమడని కవరు ఒక్కటి మిగిలిపోయినా ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. రిటైరయ్యాక ఉత్తరాలు ఆగాయిగానీ ప్రశ్న ఆగలేదు. వీధి మొత్తం ఆయన్ని 'పాతదెక్కడ బాబాయ్' అని పిలిచేది. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్న అన్నకూతురు ఒక్కతే ఉత్త 'బాబాయ్' అనేది, అదీ ఎదురుగా ఉన్నప్పుడు.

ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయికి పిన్ని ఫోన్ చేసింది.

"ఒసే, ఉన్నపళంగా బయల్దేరి రా. మా అక్క మొహం కనబడటం లేదు."

"అయ్యో! ఆవిడకేమైంది పిన్నీ?"

"దానికేమవుతుంది, దుక్కలా ఉంది. ఈ కంప్యూటరే చూపించనని మొరాయిస్తోంది."

పిన్నీ, వాళ్ళ అక్కా రోజూ వీడియో కాల్‌లో పోట్లాడుకుంటారు. పిన్నిది మీటలు నొక్కే పాత ఫోను కాబట్టి కాల్‌కి ఇంట్లో కంప్యూటరే దిక్కు. మామూలు ఫోన్లో పోట్లాడుకోవచ్చు కదా అంటే పిన్ని ఒప్పుకోదు. అవతలివాళ్ళ మొహం మాడిపోవడం కళ్ళారా చూడకపోతే గెలిచినట్టు ఎలా తెలుస్తుందని ఆవిడ వాదన.

అమ్మాయి వచ్చి కంప్యూటర్ స్విచ్ వేసింది. తెర వెలుగుతూనే అది ఒక రాగం తీసింది. తీయడం కాదు, గొంతు చించుకుంది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. సినిమాహాల్లో ఉండదగ్గ స్పీకర్లు రెండు బల్లమీద ఉన్నాయి. చిత్రమేమిటంటే అవి కుర్చీవైపు తిరిగి లేవు, గోడవైపు తిరిగి ఉన్నాయి. అదేమిటని అమ్మాయి అడిగేలోగా గోడ అవతలినుంచి ఢమ్మని ఒక దెబ్బ, దాని వెనకే ఒక కేక.

"ఏవోయ్! ఆ గోల ఆపుతావా, లేదా?"

"టైపు మేడమ్!" అన్నాడు బాబాయి. మొహం చేటంతయింది.

టైపు మేడమ్ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల సగంమందికి టైపు నేర్పింది, బాబాయితో సహా. ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూతబడింది. విద్యార్థుల వేళ్ళమీద వాయించిన రూళ్ళకర్ర మాత్రం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు గోడ అవతలి వాటాలో ఒంటరిగా ఉంటూ, ఆ కర్రతో రోజూ గోడను వాయిస్తోంది.

"రోజూ ఇదే తంతు," అంది పిన్ని. "సౌండ్ తగ్గించండి మహాప్రభో అంటే వినరు. నేను తగ్గిస్తే మళ్ళీ పెంచుతారు. ఆవిడ తిట్టకపోతే ఈయనకు తెల్లారదు."

అమ్మాయి తెరమీద వచ్చిన మాటలు చదివింది. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయింది. కొత్తది వేస్తే తప్ప వీడియో కాల్ పనిచేయదు.

"కొత్తది వేసేస్తాను బాబాయ్. సాయంత్రానికల్లా అయిపోతుంది."

పిన్ని కళ్ళు మూసుకుని, రాబోయేదానికి సిద్ధపడింది.

"భలే భలే! మరి పాతది ఎక్కడికి పోతుంది?"

"చెరిగిపోతుంది. కానీ నేను ముందు అంతా నా డిస్కులోకి ఎక్కించుకుంటాను. ఎవరి కంప్యూటరైనా అలాగే చేస్తాను."

"ఫొటోలు?"

"ఉంటాయి."

"తెరమీద ఆ చేపల బొమ్మ?"

"ఉంటుంది."

"చెత్తబుట్టలో పడేసినవి?"

"కావాలంటే చెత్త కూడా భద్రంగా ఉంచుతాను బాబాయ్!"

బాబాయి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అసలు ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

"ఇది లేవగానే పాడుతుంది చూడు, ఆ పాట?"

"అది ఉండదు. కొత్తది చప్పుడు చేయకుండా లేస్తుంది. హాయి కదా?"

"అయితే వద్దు," అన్నాడు బాబాయి.

పిన్ని లేచి నిలబడింది. "ఏమిటీ, వద్దా? ఆ దిక్కుమాలిన కూత కోసం మా అక్కను నాకు కాకుండా చేస్తారా? నాకున్నది ఒక్కగానొక్క అక్క. దాంతో నాలుగు మాటలు అనుకోకపోతే నాకు పొద్దెలా పోతుంది?"

కోపంగానే మొదలుపెట్టినా చివరికొచ్చేసరికి ఆవిడ మళ్ళీ కుర్చీలో కూలబడింది. బాబాయి పిన్నివైపు చూశాడు. తర్వాత గోడవైపు చూశాడు. మళ్ళీ పిన్నివైపు చూశాడు.

"సరే, వెయ్యమ్మా," అన్నాడు.

ఆపైన ఒక్క ప్రశ్న అడగలేదు. అమ్మాయికి అదే వింతగా తోచింది. పని చేస్తున్నంతసేపూ పక్కన కుర్చీ వేసుకుని ప్రాణం తీస్తాడనుకున్న మనిషి, వంటింటి గుమ్మంలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం తెరమీద అక్క మొహం ప్రత్యక్షమైంది, పిన్ని మొదటి నిమిషంలోనే దాన్ని మాడ్చేసింది, ఇంట్లో అంతా సవ్యంగానే ఉంది. అయినా ఆ పాట సంగతేమిటన్న పురుగు అమ్మాయి బుర్రలో తొలుస్తూనే ఉంది. తెల్లవారగానే కొట్టు తెరవకుండా తిన్నగా బాబాయి ఇంటికి వచ్చింది.

కంప్యూటర్ వెలుగుతోంది. చప్పుడు లేదు. బాబాయి స్టీలు గ్లాసు ఒకటి గోడకు ఆనించి, దానికి చెవి అంటించి నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావు?"

"ష్! ఏమీ వినబడటం లేదు."

"ఏం వినబడాలి?"

బాబాయి గ్లాసు దించాడు. మొహం వాడిపోయి ఉంది.

"దెబ్బ వినబడాలమ్మా. మేడమ్ కిందటేడు స్నానాలగదిలో జారిపడింది. సాయంత్రందాకా ఎవరూ చూడలేదు. అప్పటినుంచి రోజూ వెళ్ళి ఎలా ఉన్నారని అడుగుదామనుకున్నాను. ఒకరోజు అడిగాను కూడా. 'పోయానేమో చూడటానికొచ్చావా?' అని తలుపు మొహాన వేసింది. ఎవరైనా తనమీద జాలిపడితే ఆవిడ ఓర్చుకోలేదు. కానీ గోల చేస్తే తిట్టకుండా ఉండలేదు కదా! అందుకని స్పీకర్లు కొన్నాను. రోజూ పొద్దున్నే ఇది పాడుతుంది, ఆవిడ గోడమీద ఒక్కటి వేసి నన్ను తిడుతుంది. అంటే లేచింది, ఒంట్లో సత్తువుంది, నోరూ బాగానే ఉందన్నమాట. ఇంకేం కావాలి?"

వీధంతా నవ్వుకున్న ఆ గోల వెనక ఇంత సంగతి ఉందా! అమ్మాయికి బాబాయిమీద ఒక్కసారిగా పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"పిన్నికైనా చెప్పకపోయావా?"

"చెబితే మీ పిన్ని మేడమ్‌తో అనేస్తుంది. ఆవిడ కొట్టడం మానేస్తుంది. ఇప్పుడెలా? వెళ్తే తిడుతుంది, వెళ్ళకపోతే..."

మాట పూర్తికాలేదు. వీధితలుపు దడదడలాడింది. అమ్మాయి పరుగున వెళ్ళి తీసింది. గుమ్మంలో టైపు మేడమ్. ఒక చేత్తో గోడ పట్టుకుని ఉంది. రెండో చేతిలో రూళ్ళకర్ర. నాలుగడుగుల దూరానికే ఆయాసం వచ్చేసింది. తలుపు తీసినవాళ్ళ భుజంమీంచి లోపలికి తొంగిచూసి, బాబాయి కనబడగానే ఊపిరి వదిలింది. వెంటనే కర్ర ఎత్తింది.

"ఏవోయ్! ఇవాళ నీ గోల ఏదీ?"

"కొత్త సిస్టమ్ వేయించాం మేడమ్. చప్పుడు రాదు. మీకిక ఇబ్బంది లేదు," అన్నాడు బాబాయి చేతులు కట్టుకుని, టైపు క్లాసులో లాగా.

"నా ఇబ్బంది గురించి నిన్నెవరడిగారు? పొద్దుటినుంచీ కర్ర పట్టుకుని కూర్చున్నాను. టీ చల్లారిపోయింది!"

తిరిగి వెళ్తుంటే అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. మేడమ్ విదిలించుకుంది, రెండడుగులు వేసి ఆగి, మళ్ళీ తనే చెయ్యి అందించింది. తన గుమ్మం దగ్గర గొంతు తగ్గించింది.

"వాడితో అనకు. వయసు మళ్ళినవాడు, లేస్తూనే కిందాపైనా పడుతుంటాడు. ఆ గోల వినబడిందంటే మంచంమీంచి లేచాడని నాకొక ధీమా. ఇవాళ వినబడకపోయేసరికి గుండె జారిపోయింది. తెలిసిందా? అనకు."

"అననండీ," అంది అమ్మాయి, నవ్వు పెదాలదాకా వచ్చేసి అల్లరి పెడుతుంటే.

అక్కణ్ణుంచి కొట్టుకు పరుగెత్తి డిస్కు తెచ్చింది. వెతికితే పాత సిస్టమ్ అరల్లో ఒక మూల ఆ రాగం భద్రంగా ఉంది. దాన్ని తీసి, కొత్తది లేవగానే పాడేలా అమర్చింది. బాబాయి ఆ కాసేపూ ఆమె కుర్చీ వెనక అటూఇటూ తిరుగుతూనే ఉన్నాడు. చివరికి స్పీకర్లమీద దుమ్ము తుడిచి, వాటిని గోడవైపు తిప్పింది కూడా ఆ అమ్మాయే.

"ఇప్పుడు వెయ్యి బాబాయ్, స్విచ్."

కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. బాబాయి గ్లాసు కోసం చెయ్యి చాచాడు.

ఢమ్!

"ఏవోయ్! ఆ గోల ఆపుతావా, లేదా?"

"క్షమించండి మేడమ్!" అని బాబాయి గోడవైపు తిరిగి కేకేశాడు. మొహం వెలిగిపోతోంది.

పిన్ని వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి, గోడనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "ఇదేమిటే! కొత్తది వేశాక కూడా వీళ్ళిద్దరి పోట్లాట పోలేదా?"

అమ్మాయి డిస్కును సంచీలో జాగ్రత్తగా పెట్టుకుంది.

"అది ఎక్కడికి పోతుంది పిన్నీ?"