చెంచురామయ్య మేష్టారి వలయాలు

లెక్కల చెంచురామయ్య మేష్టారు నల్లబల్ల మీద వలయం గీస్తే కంచం బోర్లించి గీసినట్టుండేది. చిన్న వలయంలో పూర్ణాంకాలు, దాని చుట్టూ గీసిన వలయంలో అకరణీయ సంఖ్యలు, ఆ రెంటినీ చుట్టి వాస్తవ సంఖ్యలు. గీసి, "మూడు అకరణీయ సంఖ్యేనా?" అని అడిగేవాడు. "కాదు, పూర్ణాంకం!" అనేది క్లాసంతా. ఆయన పళ్ళు నూరుతూ ఉత్తరీయపు చెంగుతో తుడిచి మళ్ళీ గీసేవాడు. పీల్చబోయిన ముక్కుపొడుం వేళ్ళ మధ్యే నలిగిపోయేది. నలభైయారు డిగ్రీల ఎండల్లో ఒకనాడు ఆయన ఓపిక చచ్చిపోయింది.

"ఒరేయ్, మనూళ్ళో ఉన్నోడు పల్నాడులో ఉన్నట్టా, లేనట్టా? చిన్న వలయం ఊరు, పెద్దది పల్నాడు. లోపలున్నోడు రెండిట్లోనూ ఉన్నట్టే! ఇంకెట్టా చెప్పాలిరా మీకు?"

మాలపల్లె నుంచి వచ్చే యోహాను లేచాడు. "మేష్టారూ, పొద్దున బడికి బయల్దేరేటప్పుడు మేం ఊళ్ళోకి పోతన్నామని చెప్పొస్తామండీ. మరి మా పల్లె ఆ చిన్న వలయంలో ఉన్నట్టా, బయటున్నట్టా?"

మేష్టారు "నేనడిగింది లెక్కరా! కూర్చో!" అని అరిచాడు.

యోహాను గుమ్మం పక్కన, మిగతా బెంచీలకు ఎడంగా వేసిన తన బెంచీ మీద కూర్చున్నాడు.