ఫోనుకు నిజం చెప్పని మేడమ్

మా దీవిలోని సవుసవు ఊళ్ళో మకెరెటా మేడమ్ మనుషులతో ఒక్క అబద్ధం ఆడి ఎరగదు. ఫోనుతో ఒక్క నిజం చెప్పి ఎరగదు.

ఇది గాలి కబురు కాదు. బజారు ఎదురుగా ఉన్న ఫోన్ల కొట్టు నాదే. పైగా నేను ఆవిడ బళ్ళో చదువుకున్నవాణ్ణి. ఆవిడ పెద్ద మేడమ్‌గా ఉన్న రోజుల్లో ఎక్కాలు తప్పితే క్షమించేది. "పుస్తకం ఇంట్లో మరిచిపోయాను మేడమ్" అంటే మాత్రం మనతోపాటు ఇంటిదాకా నడిచొచ్చి, పుస్తకం ఏ మంచం కింద ఉందో వంగి చూసి వెళ్ళేది. అలాంటి మనిషి ఉద్యోగం మానేశాక మొదటి ఫోను కొనడానికి నా దగ్గరికి వచ్చింది.

"పేరు అడుగుతోంది మేడమ్," అన్నాను.

"ఎవరు?"

"ఫోను."

"దీనికెందుకు నా పేరు? పొద్దున్నే పిలిచి టీ ఇస్తుందా?"

"పేరు చెప్పకపోతే ముందుకు కదలదు మేడమ్."

"అయితే గున్నార్ అని కొట్టు."

"ఊరు?"

"నార్వే. బాగా పైకి, మంచు కురిసే చోట."

"ఆడా, మగా?"

"గున్నార్ అంటే ఆడపిల్ల పేరేమిట్రా రజ్నీల్! నీకు భూగోళం ఎవరు చెప్పారు?"

"మీరే మేడమ్."

ఆ రోజు పుట్టిన గున్నార్‌ని మేడమ్ సొంత బిడ్డలా పెంచింది. రోజూ వాడి కోసం ఫోనులో మంచు బూట్లు వెతికేది. దుప్పుల దాణా ధరలు అడిగేది. బట్టతలకి మందుందా అని వాకబు చేసేది. మేమంతా చెమటతో తడిసి ముద్దవుతుంటే ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని, విసనకర్ర ఆడిస్తూ, ఫోను పంపిన ఉన్ని కోట్ల ప్రకటనలు చూసేది. "పాపం, గున్నార్‌కి మళ్ళీ జుట్టు రాలుతోందట," అని దారిన పోయేవాళ్ళకి చెప్పేది. ఒకసారి ఫోను వాడికి పెళ్ళి సంబంధాలు కూడా పంపింది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని అన్నీ పరిశీలించి, "ఈ పిల్ల మరీ మంచిదిరా, మనవాడికి తగదు," అని పక్కన పెట్టేసింది.

చివరికి పాస్టరు గారికి బెంగ పట్టుకుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక గుమ్మంలో ఆపాడు.

"మేడమ్, మీలాంటివారు అబద్ధాలు... అది ఫోనే అయినా..."

"పాస్టరు గారూ, ముక్కూమొహం తెలియనివాడు కిటికీలోంచి తొంగిచూసి, ఇంట్లో ఒంటరిగా ఉన్నావా అని అడిగితే ఏం చెప్పాలి?"

"నలుగురు కొడుకులున్నారని చెప్పాలి."

"నేను ఒక్క గున్నార్‌తోనే సరిపెట్టాను," అని మేడమ్ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

నేనూ ఊరుకోలేదు. ఒక శనివారం బజారులో, చేమదుంపల కుప్పల మధ్య, నలుగురూ వింటుండగా వాదనకు దిగాను. "నాలాంటివాడికి దాచుకోవడానికి ఏముంది మేడమ్? చూస్తే చూడనివ్వండి!"

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"అయితే నిన్న మీ ఆవిడ నిన్నెందుకు అరుగు మీద పడుకోబెట్టిందో గట్టిగా చెప్పు. అందరికీ వినపడాలి."

దుంపలమ్మే ఆడవాళ్ళంతా కత్తులు కింద పెట్టి చెవులు రిక్కించారు. నేను గుక్కెడు నీళ్ళు అడిగాను.

ఇంతవరకూ నవ్వుకున్నాం కానీ, వానలు మొదలయ్యాక మేడమ్ వ్యవహారం శ్రుతి మించింది. ఫోనుని ఊళ్ళు తిప్పడం మొదలుపెట్టింది! గుడ్డలో చుట్టి, అరటాకు తొడిగి, లంబాసా బస్సు డ్రైవరు చేతికిచ్చేది. "కొండ దాటించి, సాయంత్రం ఆపేసి తీసుకురా. కిటికీ పక్కన పెట్టు." మరో రోజు టవియూని దీవికి పోయే పడవ ఎక్కించేది. ఇంకో రోజు ఎండు కొబ్బరి మోసే లారీలో కూర్చోబెట్టేది. డ్రైవర్లందరూ ఆవిడ శిష్యులే. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

"ఎందుకు మేడమ్ ఇదంతా?" అని అడిగాను.

"అన్నీ చెప్పేవి కాదురా," అంది. అబద్ధం ఆడదు కదా, అక్కడితో ఆగిపోయింది. మేడమ్‌కి మతి తప్పుతోందని ఊరంతా జాలిపడింది.

ఆ రోజుల్లోనే మేడమ్ వెనక గదిలోకి కెలెరా అనే అమ్మాయి అద్దెకు దిగింది. పడవ మీద సువా పట్నం నుంచి వచ్చింది. రొట్టెల కొట్టులో పిండి పిసికేది. పని కాగానే నేల చూస్తూ నేరుగా ఇంటికి పోయేది. పిలిస్తే ఉలిక్కిపడేది. మేడమ్‌ని మాత్రం బుబూ అని, అమ్మమ్మని పిలిచినట్టు పిలిచేది.

ఒక మధ్యాహ్నం నా కొట్టులోకి కొత్త మనిషి వచ్చాడు. ఖరీదైన చొక్కా, దాని నిండా ఎర్రబురద. మాట తేనెలా ఉంది.

"అన్నా, నా పేరు ఇసికెలి. నా భార్య తప్పిపోయింది. మనసు బాగాలేదు తనకి." ఫోటో చూపించాడు. కెలెరా. "జాగ్రత్త కోసం తన ఫోనులో చిన్న యాప్ పెట్టాను. ఎక్కడికెళ్తుందో, ఎవరితో మాట్లాడుతుందో, ఎప్పుడు పడుకుంటుందో అన్నీ నాకు తెలుస్తాయి. ప్రేమంటే అదే కదా?"

అతను తన ఫోను బల్ల మీద పెట్టాడు. అందులో పటం, పటం మీద ఎర్రగీత. ఆ గీత కొండ దాటి లంబాసా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, సముద్రం దాటి టవియూని వెళ్ళింది, కొబ్బరితోటల వెంట వంకర్లు తిరిగింది. గున్నార్ ఫోనుని కాదు, మేడమ్ ఇన్నాళ్ళూ బస్సులెక్కించింది కెలెరా ఫోనుని!

"నేను వెళ్ళేసరికి ఇంకో చోట ఉంటోంది. ఇవాళ మాత్రం పొద్దుట్నుంచీ ఈ ఊళ్ళోనే ఉంది." గొంతులో తేనె కరిగిపోయింది. "ఎవరో దాస్తున్నారు. వాళ్ళ సంగతి కూడా చూస్తాను."

సరిగ్గా అప్పుడే మకెరెటా మేడమ్ గొడుగుతో లోపలికి వచ్చింది. అతను ఆవిడకీ ఫోటో చూపించాడు.

"ఈమె తెలుసా?"

దేవుడా, ఈ ఒక్కసారికి మనిషితో కూడా అబద్ధం ఆడించు!

"తెలుసు," అంది మేడమ్. "నా ఇంట్లోనే ఉంటోంది."



"ఇప్పుడెక్కడుంది?"

"నీ యంత్రం ఏమంటోంది?"

"ఆ పచ్చ రేకుల కప్పు కింద ఉందంటోంది."

"నిజమే చెబుతోంది. పద, నేనూ వస్తాను."

కొట్టు మూయడం కూడా మరిచిపోయి నేను వెనకే పరిగెత్తాను. సందు తిరిగి పచ్చ రేకుల ఇంటి ముందుకు వచ్చేసరికి అతను టక్కున ఆగిపోయాడు. గోడ మీద పోలీస్ స్టేషన్ బోర్డు. గుమ్మంలో సార్జంట్ అపొరోసా. అతని వెనక బల్ల మీద, అరటాకు విప్పిన ఫోను. ఇసికెలి వెనక్కి తిరగబోయాడు కానీ వెనకాల మేడమ్ ఉంది.

"లోపలికి నడు," అంది. బడి గంట కొట్టాక పిల్లల్ని తోలే గొంతు అది. సార్జంట్ అపొరోసా కూడా అలవాటుగా రెండడుగులు లోపలికి వేశాడు.

"ఇసికెలి నువ్వేనా?" అన్నాడు తేరుకుని. "నీ మీద కెలెరా తెచ్చుకున్న కోర్టు ఉత్తర్వు ఉంది. చేతికిద్దామంటే సువాలో ఇళ్ళు మారుస్తూ దొరకడం లేదన్నారు. నీ అంతట నువ్వే వచ్చావు, సంతోషం. ఆ అమ్మాయి దగ్గరికి రాకూడదు, జాడ తీయకూడదు. తప్పితే జైలు."

కెలెరా పక్క గదిలోంచి బయటికి వచ్చింది. ఈసారి నేల చూడలేదు.

"సార్జంట్ గారూ, నా ఫోనులో పెట్టినదాన్ని ఇతని చేత్తోనే తీయించండి. నేను చూడాలి."

అతను తీసేదాకా అందరం నిలబడే ఉన్నాం. తరువాత ఒక పోలీసు అతన్ని పడవ దాకా దిగబెట్టి, అది కనుచూపు దాటాక వచ్చాడు.

"ఆ ఫోనుని మొదట్లోనే సముద్రంలో పారేస్తే పోయేది కదా మేడమ్?" అన్నాను దారిలో.

"పారేస్తే సువాలో ఆ పిల్ల తల్లి మీద పడేవాడురా. ఉత్తర్వు వచ్చేదాకా వాణ్ణి పటం మీది చుక్క వెంట తిప్పాలి, వచ్చాక చేతికి చిక్కించుకోవాలి."

"ఊరంతా మీకు మతి పోయిందనుకున్నాం!"

"అనుకోండి. మీరు నవ్వుతున్నంతసేపూ ఆ పిల్ల గురించి ఎవరూ ఆరా తీయలేదు."

ఆ ఆదివారం మేడమ్ నన్ను భోజనానికి పిలిచింది. కొబ్బరిపాలలో ఉడికించిన చేప, కర్రపెండలం. వెళ్ళేసరికి కెలెరా లేదు. పొద్దున్నే ఒక్కతే బయటికి వెళ్ళిందట, ఫోను ఇంట్లో వదిలేసి. మేడమ్ వీధి వైపు చూస్తుంది, కూర కలుపుతుంది, మళ్ళీ చూస్తుంది. పుస్తకం కోసం ఇంటిదాకా వచ్చిన మనిషి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కూర చల్లారాక కెలెరా వచ్చింది. జుట్టు తడిసి ఉంది, పాదాలకి ఇసుక ఉంది, మొహమంతా నవ్వు.

"వచ్చాను బుబూ."

"కూర్చో తల్లీ," అని మేడమ్ పెద్ద ముక్క ఆమె పళ్ళెంలో వేసింది. ఇంకొక్క మాట అడగలేదు.

నేను ఉండబట్టలేక, "ఇంతకీ ఎక్కడికెళ్ళావు కెలెరా?" అన్నాను.

బల్ల కింద మేడమ్ నా కాలు మీద ఒక్క తన్ను తన్నింది.

"కూర అందుకోరా," అంది.