నాలుగో కాలు ఫైలు

కేంద్ర ప్రభుత్వ కొలువులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఢిల్లీలో ఉన్నాను. ఇన్నేళ్లలో నేను బాగా నేర్చుకున్న విద్య ఒక్కటే. ఏ నిర్ణయమూ తీసుకోకుండా, తీసుకుంటున్నట్టు కనబడటం. దాన్ని మేం ఫైలు నడపడం అంటాం. ఒక్కొక్కరూ నాలుగు వాక్యాలు రాసి, "తగు పరిశీలన కోసం" అని ముగించి, సంతకం పెట్టి పై టేబుల్‌కి తోస్తారు. పైవాడికి మనసొప్పకపోతే ఒక సందేహం రాసి మళ్లీ కిందికి తోస్తాడు. ఇలా తిరుగుతుండగానే కొన్ని ఫైళ్లకి అవసరం తీరిపోతుంది. ఆఫీసులో దీనివల్ల ఎవరి ప్రాణమూ పోదు కాబట్టి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. మొన్నటి చలికాలంలో మా కుక్కకి జబ్బు చేసినప్పుడు సిగ్గుపడ్డాను.

అది వీధి కుక్క. తొమ్మిదేళ్ల కిందట మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూ స్వెటర్‌లో చుట్టి తెచ్చింది. "నాలుగు రోజులే మమ్మీ" అంది. గోధుమ రంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలి ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే రాదు, బిస్కెట్ పాకెట్ చప్పుడైతే ఏ గదిలో ఉన్నా వస్తుంది. మా ప్రభుత్వ క్వార్టర్ మొదటి అంతస్తులో. పొద్దున్నే మెట్లు దిగి, కాలనీలో తన వాటా మొరుగుళ్లు మొరిగి, కింద ఇస్త్రీ చేసే దీదీ పక్కన కాసేపు కూర్చుని పైకొస్తుంది. చలికాలంలో అయితే ఆవిడ బొగ్గుల పెట్టె పక్కనుంచి లేవదు.

చలి మొదలవుతుండగా ముందరి ఎడమ కాలు కొంచెం ఈడ్చింది. బెణికిందనుకున్నాం. మా ఆయన కాలేజీలో పాఠాలు చెబుతారు, ఏ సమస్యనైనా వారం రోజులు వదిలేస్తే అదే సర్దుకుంటుందని నమ్మే మనిషి. వారం వదిలేశాం. సర్దుకోలేదు. దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు ఇచ్చిన మాత్రలూ పని చేయలేదు. ఓ రోజు తువ్వాలుతో తుడుస్తుంటే భుజం కింద గట్టిగా, వేడిగా, నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగిలింది. ఆ డాక్టరే మమ్మల్ని నోయిడాలో పెద్ద ఆసుపత్రికి పంపాడు. అక్కడ ఎక్స్‌రే తీశారు, సూదితో ఎముకలోంచి నమూనా తీశారు. వారం తర్వాత రమ్మన్నారు.

వారం తర్వాత చెప్పిన డాక్టరమ్మకి ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను ఆంటీ అంది. ముందు ఆ మాటకే నాకు ఒళ్లు మండింది.

"ఆంటీ, ఇది ఎముక కాన్సర్. కాలు భుజం నుంచి పూర్తిగా తీసేయాలి. తర్వాత కీమో ఇవ్వాలి. ఊపిరితిత్తుల్లోకి ఇంకా వెళ్లినట్టు కనబడటం లేదు, అదే మనకున్న మంచి మాట. జల్దీ సోచ్ లీజియే" అంది హిందీలో.

"తీయకపోతే?"

"నొప్పి మాత్రలిచ్చి చూస్తాం. కానీ జబ్బు ఆ ఎముకని లోపల్నుంచి తినేస్తోంది. ఓ రోజు నడుస్తుంటేనే విరుగుతుంది. ఆ రోజు ఇంక మన చేతిలో ఏమీ ఉండదు."

"తీస్తే బతుకుతుందా?"

"నొప్పి పోతుంది. అది మాత్రం ఖాయంగా చెప్పగలను. ఎన్నాళ్లన్నది చెప్పలేను. కొన్ని నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు."

త్వరగా ఆలోచించుకోండి అని ఆ పిల్ల చెబితే, నేను "ఆలోచించుకోండి" అన్నంత వరకే పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇక ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. మా ఆఫీసులో పనంతా ఇప్పుడు కంప్యూటర్ మీదికి వెళ్లిపోయింది గానీ, ఒకప్పుడు పచ్చటి కాగితాల మీద రాసేవాళ్లం. ఆ పచ్చ కాగితాలు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. ఎలా ఉన్నాయని అడక్కండి. అందులో ఒకటి తీసి, విషయం రాశాను. ఒకటో పేరాలో జబ్బు సంగతి. రెండో పేరాలో ఆపరేషన్ వల్ల లాభాలూ నష్టాలూ. మూడో పేరాలో చేయించకపోతే లాభాలూ నష్టాలూ. నాలుగో పేరాలో "ఇంటి సభ్యులు తమ అభిప్రాయాలు తెలుపగోరుతున్నాను". కింద సంతకం, తేదీ. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాను. ఇది వేళాకోళానికి చేశానని ఇప్పుడు చెప్పుకుంటే బాగుంటుంది. కాదు, నిజంగానే చేశాను. కళ్లనీళ్లు తుడుచుకుంటూ చేశాను.

మర్నాటికి మా ఆయన "చూశాను" అని రాసి సంతకం పెట్టారు.

"చూశాను అంటే ఏంటండీ? తీయించాలనా, వద్దనా?"

"నువ్వేమంటే అదే. దాన్ని నాకంటే ఎక్కువ చూసుకునేది నువ్వే కదా."

మా అమ్మాయి "పై అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" అని ఇంగ్లీషులో రాసింది. పైన అభిప్రాయమన్నదే లేదు. అది కూడా ఢిల్లీలో పుట్టిన పిల్లే కదా, ఎవరి కడుపున పుట్టిందో చూపించుకుంది. అడిగితే, "మమ్మీ, ముఝ్‌సే నహీ హోగా, నా వల్ల కాదు. నువ్వే చెప్పు" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఇంక నేను బయటి అభిప్రాయాల మీద పడ్డాను. మా పై అధికారి ఇంకో డాక్టర్ని కూడా అడగమన్నాడు. అడిగాను. ఆయనా కాలు తీసేయమన్నాడు. అది చాలక మూడో ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన, కుక్కకి వయసైంది కదా, బాధపెట్టడం ఎందుకన్నాడు. విజయవాడ నుంచి అక్క ఫోన్లో, "నోరు లేని జీవానికి కాలు నరికించడమేంటే, నీకు చేతులెలా వస్తాయి?" అంది. పక్కింటి ఆంటీ తన చుట్టాల కుక్కకి ఆపరేషన్ చేయిస్తే మూడో రోజే పోయిందంది. అన్నీ పచ్చ కాగితం మీద తేదీలతో సహా ఎక్కించాను. ఒక కాగితం నిండి రెండోది మొదలైంది. సాయంత్రాలు కుక్కని పక్కన పడుకోబెట్టుకుని ఆ కాగితాలు చదువుకునేదాన్ని. ఏదో పెద్ద పని చేస్తున్నట్టు ఉండేది.

లోపల మాట వేరే ఉంది. అది ఏ పేరాలోనూ రాయలేదు. మూడు కాళ్లతో దాన్ని చూడటం నా వల్ల కాదు. పార్కులో నలుగురూ ఆగి "అయ్యో పాపం" అంటుంటే దాని పక్కన గొలుసు పట్టుకుని నడవలేను. దాని బాధ గురించి రెండు కాగితాలు నింపాను గానీ, నేను తప్పించుకోజూసింది నా బాధని.

పద్దెనిమిది రోజులు గడిచాయి.

ఆ రోజు ఆఫీసుకి వెళ్తూ చీరలు ఇవ్వడానికి ఇస్త్రీ దీదీ దగ్గర ఆగాను. ఆవిడ నాకంటే పెద్దది, ఈ కాలనీలో నాకంటే పాత మనిషి. మా కుక్క ఆవిడ బొగ్గుల పెట్టె పక్కన పడుకుని ఉంది. ఆపరేషన్ సంగతి ఆవిడకీ చెప్పి, "మీరేమంటారు దీదీ?" అని అడిగాను. ఆవిడ అభిప్రాయం కూడా రాసుకుందామనే అనుకున్నాను కాబోలు.

ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "మేడమ్‌జీ, ఎన్ని రోజుల్నుంచి అందర్నీ అడుగుతున్నారు? దీన్నొకసారి చూశారా? ఆ కాలు నేల మీద పెట్టి నెల దాటింది. రోజూ మూడు కాళ్ల మీదే వస్తుంది, మూడు కాళ్ల మీదే పోతుంది. ఆ కాలు ఇది ఎప్పుడో వదిలేసింది. మీరే పట్టుకుని కూర్చున్నారు."

నాకు చర్రున కోపమొచ్చింది. "మీరేమన్నా డాక్టరా? నాకు తెలియదా నా కుక్క సంగతి?" అన్నాను. చీరలు అక్కడ పడేసి చరచరా నడిచాను. గేటు దాకా వెళ్లాక ఎందుకో వెనక్కి తిరిగి చూశాను.

అది లేచి మా మెట్ల వైపు వెళ్తోంది. ఎడమ కాలు రొమ్ముకి ఆనించి ముడిచి పెట్టుకుంది. మిగతా మూడింటి మీదా చిన్న చిన్న గెంతులతో, దారిలో ఆపి ఉంచిన స్కూటర్ని తప్పించుకుని, మెట్ల దగ్గర ఆగి, బరువు వెనక్కి తీసుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. ఒక్కసారి మాత్రం తూలి ముడిచిన కాలు మెట్టుకి తగిలింది. చిన్నగా అరిచింది. ఆగి, ఆ కాలు నాక్కుని, మళ్లీ ఎక్కింది. నేను చూడలేనని భయపడిన మూడు కాళ్ల నడక నెల రోజులుగా నా కళ్ల ముందే ఉంది. ఆ నాలుగో కాలు చేస్తున్న పని ఒక్కటే, నొప్పి పెట్టడం.

గేటు దగ్గరే నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఎల్లుండి రమ్మంది. మా ఆయనకి చెప్పాను. "హమ్మయ్య" అన్నారు. ఆయన కూడా ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఎదురుచూస్తున్నట్టున్నారు. ఆ సాయంత్రం ఇస్త్రీ దీదీకి క్షమాపణ చెప్పబోతే, "చీర అంచు దగ్గర పిన్ను వదిలేశారు, కాలి ఉండేది" అని పిన్ను నా చేతిలో పెట్టింది. అంతే, ఆ సంగతి ఇక ఎత్తనివ్వలేదు.

ఆసుపత్రిలో అంగీకార పత్రం ఇచ్చారు. కొన్ని వేల కాగితాల మీద సంతకం పెట్టి ఉంటాను. నా సంతకం కింద ఎప్పుడూ ఇంకెవరిదో సంతకం కోసం జాగా ఉంటుంది. ఈ కాగితంలో ఒకటే గీత ఉంది. దాని మీద నా పేరు నాకే కొత్తగా కనబడింది. పెట్టాక డాక్టరమ్మని అడిగాను. "పద్దెనిమిది రోజులు ఆలస్యం చేశాను. ఆ రోజే ఒప్పుకుని ఉంటే?"

అబద్ధం చెప్పి ఓదారుస్తుందేమోనని ఆశపడ్డాను. ఆమె ఆ పొద్దున తీసిన ఎక్స్‌రే మళ్లీ చూసింది. "చెప్పలేను ఆంటీ. ఊపిరితిత్తులు ఇవాళ కూడా శుభ్రంగానే కనబడుతున్నాయి. ఆజ్ ఆ గయే నా, ఠీక్ హై." ఇవాళ వచ్చారు కదా, అది చాలు అంది. ఈసారి ఆంటీ అన్న పిలుపు నాకు చల్లగా తగిలింది.

ఆపరేషన్ అయ్యాక రెండు రోజులకి ఇంటికి పంపారు. ఆ తర్వాత మూడు వారాలకొకసారి నాలుగు విడతలు కీమో అయింది. మెట్రోలో కుక్కని రానివ్వరు, క్యాబ్ వాళ్లు కుక్క అనగానే రానంటారు. "పేషెంట్ హై భయ్యా" అని బతిమాలి బతిమాలి యమున దాటేవాళ్లం. ఒక విడత తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. మిగతావి తేలిగ్గా పోయాయి. ఇది రాసే నాటికి ఆపరేషన్ అయి పది నెలలు. వచ్చే వారం మళ్లీ ఎక్స్‌రే ఉంది, నాకు ఇప్పట్నుంచే అన్నం సహించడం లేదు. దానికి మాత్రం ఆ చింత లేదు. మూడు కాళ్ల మీద పార్కు మొత్తాన్ని అదుపులో పెట్టింది. "అయ్యో పాపం" అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి అది మొరుగుతుంది, నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది.

అయితే నేను జీవితాంతం గుర్తుపెట్టుకోబోయేది దాన్ని ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం. భుజం మీద వెంట్రుకలు తీసేసి ఉన్నాయి, పొడుగ్గా కుట్లు ఉన్నాయి. నేను చూడలేనేమో అనుకున్న చోటుని కళ్లు తిప్పుకోకుండా చూశాను. ఇస్త్రీ దీదీ మెట్లెక్కి వచ్చి, అప్పుడే వేడిగా ఇస్త్రీ చేసిన పాత దుప్పటి బాల్కనీలో ఎండ పడే చోట నాలుగు మడతలు వేసి పరిచింది. కుక్క దాని మీద ఒకటికి రెండుసార్లు చుట్టూ తిరిగి, తూలి, సర్దుకుని, పక్కకి వాలి కాళ్లు బార్లా చాపింది. కాసేపటికి గురక మొదలైంది. పెద్ద గురక, మనిషి గురకలాగే.

వంటింట్లో ఉన్న మా ఆయన గరిట పట్టుకునే బయటికొచ్చారు. "ఎన్ని రోజులైందే ఇది విని?" అన్నారు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గురక ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఎవరికీ గుర్తు లేదు. ఈ మధ్య పెద్దదైంది, నెమ్మదస్తురాలైంది, చప్పుడు చేయకుండా పడుకుంటోందని మేం మెచ్చుకున్నాం కూడా. అది నిద్రే పోలేదు. నెలన్నర పాటు మా పక్కనే కళ్లు మూసుకుని, నొప్పిని ఓర్చుకుంటూ, నేను ఎప్పటికి తేలుస్తానా అని కాచుకుని ఉంది. అయినా రోజూ నేను ఆఫీసు నుంచి రాగానే తోక ఊపుకుంటూ ఎదురొచ్చింది.

నేను దుప్పటి పక్కన నేల మీద కూర్చుని దాని కడుపు మీద చెయ్యి వేశాను. అది కళ్లు తెరవలేదు. సాయంత్రం దాకా అలాగే నిద్రపోయింది.